పాట మీద పడిన మీ చేతిని దాచకండి: పాటలు కట్టేవారికి, సేకరించేవారికి, ప్రచురించేవారికి బహిరంగ లేఖ

పాటలు కట్టే కవులకు, ఊరూరా తిరిగి పాటలు సేకరించే పరిశోధకులకు, వాటిని పుస్తకాలుగానో రికార్డులుగానో వీడియోలుగానో బయటికి తెచ్చే ప్రచురణకర్తలకు నమస్కారం.

పాటల పుస్తకాన్ని చదువుకోవడానికే కాక పాడుకోవడానికి కూడా కొనుక్కునే పాఠకుల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. అడగదలచినది ఒక్కటే. మీరు ఒక పాటను ప్రచురించేటప్పుడు అది ఎవరి నోట విన్నారో, విన్నదానిలో ఏం మార్చారో, సొంతంగా చేర్చింది ఎంతో ఆ పాట అచ్చయిన పుటలోనే చెప్పండి. అవసరమైన చోట్ల అక్కడక్కడా సవరించామని ముందుమాటలో ఒక వాక్యం రాసి ఊరుకుంటే సరిపోదు. ఆ అక్కడక్కడా అన్నది ఎక్కడెక్కడో తెలియనంతకాలం పుస్తకంలోని ప్రతి పాటనూ అనుమానంతోనే చదవాల్సి వస్తుంది.

దీన్ని పండితుల పట్టింపుగా కొట్టివేయవద్దని మనవి. పాట నోట ఉన్నంతకాలం ఎవరికి తోచినట్టు వారు మార్చుకుంటూ పోయినా నష్టం లేదు, ఎందుకంటే పక్క ఊళ్లో మరొకరి దగ్గర మరో పాఠం, అంటే అదే పాటకు మరో రూపం, బతికే ఉంటుంది. అచ్చెక్కిన తర్వాత ఆ ధీమా ఉండదు. పిల్లలకు నేర్పే పంతులమ్మ ఆ పుస్తకమే చూస్తుంది, రేడియోవాళ్లు అదే పాడిస్తారు, కొన్నేళ్లకు మరో సేకర్త అదే ఊరికి వెళ్లి రికార్డు చేసేది కూడా ఒక్కోసారి ఆ పుస్తకం నుంచి తిరిగి ఊరికి చేరిన పాఠమే అవుతుంది. అప్పుడు రెండు ఆధారాలు దొరికాయని మనం సంబరపడతాం. నిజానికి ఉన్నది ఒక్కటే, అదీ ఒక సంపాదకుడి కలం నుంచి వచ్చినది.

ఈ తగువు మనతో మొదలైనది కాదు. ఇంగ్లండులో థామస్ పెర్సీ అనే మతాచార్యుడు 1765లో పాత గాథాగేయాల, అంటే కథ చెప్పే పాటల, సంకలనం ఒకటి వెలువరించాడు. ఆయనకు ప్రధానంగా ఆధారమైన పాత రాతప్రతి ఒక మిత్రుడి ఇంట్లో దొరికింది, అప్పటికే అక్కడి పనిమనుషులు దాని కాగితాలు చింపి నిప్పు రాజేసుకుంటున్నారు. దాన్ని కాపాడినందుకు ఆయనకు దండం పెట్టాల్సిందే. అయితే అచ్చువేసేటప్పుడు ఆయన చిరిగిపోయిన చోట్ల తానే పూరించాడు, మొరటుగా తోచిన చోట్ల నునుపు చేశాడు, కొన్ని పాటలను సగానికి సగం తిరగరాశాడు, వాటిలో ఏది పాతదో ఏది తనదో చదువరికి తెలిసేలా చెప్పలేదు. జోసెఫ్ రిట్సన్ అనే ఆనాటి విమర్శకుడు అసలా రాతప్రతి ఉందా లేదా అని సందేహించేదాకా వెళ్లాడు. అది ఉన్నదున్నట్టుగా అచ్చయింది 1867, 1868 సంవత్సరాల్లో, అంటే నూరేళ్లు గడిచాక. పెర్సీ సవరణలు అందంగా లేవని నేను అనడం లేదు, ఆ పుస్తకం తర్వాతి తరం కవులకు గొప్ప ప్రేరణ కూడా. కాని చెప్పి చేసి ఉంటే ఒక్క పేజీ పట్టే పనికి వందేళ్ల వివాదం నడిచింది.

దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టినవాడు అమెరికాలోని ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్. 1882 నుంచి 1898 వరకు భాగాలుగా వెలువడిన ఆయన సంకలనంలో 305 గాథాగేయాలున్నాయి. ఒకే గేయానికి అయిదు పాఠాలు దొరికితే అయిదింటినీ అక్షరాలతో గుర్తుపెట్టి, ఒక్కొక్కటి ఎక్కడినుంచి వచ్చిందో రాసి, విడివిడిగా అచ్చువేశాడే తప్ప, అన్నిటిలోనూ మంచి చరణాలు ఏరి ఆరో పాఠం తయారుచేయలేదు. మన సంకలనాల్లో తరచుగా కనిపించేది ఈ ఆరో పాఠమే. అది ఏ ఊళ్లోనూ ఏ నోటా ఎన్నడూ పాడని పాట. పాఠ్యపుస్తకానికి అది పనికొస్తే పనికిరావచ్చు, కాని నాలుగు పాఠాల నుంచి కూర్చినదని దాని కింద ఒక వాక్యం రాయడానికి ఎందుకు చేతులు రావు?

మన దగ్గర జరిగే సవరణ ఎలాంటిదో చూపించడానికి రెండు పాదాలు నేనే కల్పించి రాస్తాను, ఎవరి పుస్తకాన్నీ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. పాడే ఆమె ఇలా పాడిందనుకుందాం: “పొద్దుగూకి పాయె ఉయ్యాలో, ఎడ్లింక రాకపాయె ఉయ్యాలో.” పుస్తకంలోకి వచ్చేసరికి ఇది “ప్రొద్దు గ్రుంకిపోయె, ఎడ్లింక రాకపోయె” అవుతుంది. మాత్రల లెక్క ఏమాత్రం చెడలేదు. అందుకే సవరించిన పెద్దమనిషికి తానేదో చెరిపానన్న భావం కూడా కలగదు. పోయినది ఆ పలుకు. “పాయె” అన్న చోట ఏ ప్రాంతపు పాటో తెలిసేది, “పోయె” అనగానే అది ఎక్కడిదైనా కావచ్చు. ఇక కాగితం ఆదా చేయడానికో, చదివేవారికి విసుగనో తీసేసిన “ఉయ్యాలో” మరీ విలువైనది. ముందు పాడే ఆమె పాదం అందిస్తే చుట్టూ ఉన్నవారు ఆ మాట అందుకుంటారు, వారు అందుకున్న ఆ రెండు క్షణాల్లోనే ఆమె తర్వాతి పాదాన్ని గుర్తుచేసుకుంటుంది, గుర్తురాకపోతే కట్టుకుంటుంది. పాట పెరిగేది ఆ సందులోనే. ఆ సందును పూడ్చేసి మిగిలిన పాదాలను పద్యంలా వరసగా పేర్చి, జానపదుల కవిత్వంలో పునరుక్తి ఎక్కువని పీఠికలో తీర్పు చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ప్రాంతీయ రూపాన్ని అలాగే ఉంచి, అర్థంకాని మాటకు అడుగున అర్థమివ్వడం మరీ కష్టమైన పనేమీ కాదు. కొందరు సేకర్తలు ఎంతో శ్రద్ధగా ఆ పని చేశారు. 1950లలో బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయాలను విశ్వవిద్యాలయ పరిశోధనకు తగిన విషయంగా నిలబెట్టిన తర్వాత, గ్రామ్యం అన్న వంకతో పాట పలుకును దిద్దే అవసరం ఎవరికీ లేకుండా పోయింది. అయినా దిద్దుతూనే ఉన్నారు.

బాణీ సంగతి ఇంకా దయనీయం. పాటల పుస్తకాల్లో చాలామటుకు మాటల పుస్తకాలే. చైల్డ్ అంతటివాడు కూడా బాణీలను దాదాపు పక్కన పెట్టాడు, వాటిని బెర్‌ట్రండ్ బ్రాన్సన్ అనే మరో పండితుడు నాలుగు సంపుటాలుగా కూర్చి 1959 నుంచి 1972 మధ్య ప్రచురించాల్సి వచ్చింది. మనకు అంతకన్నా దగ్గరి ఉదాహరణ తాళ్లపాక అన్నమాచార్యులది. వేల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని భండారంలో భద్రపరచడం ప్రపంచంలో ఎక్కడ జరిగినా చెప్పుకోదగ్గ ప్రచురణే. 1920లలో అవి వెలుగులోకి వచ్చినప్పుడు ప్రతి సంకీర్తనకూ రాగం పేరు కనిపించింది కాని స్వరం కనిపించలేదు. చెక్కించినవారిని తప్పుపట్టలేం, పాడేవారు పక్కనే ఉన్న కాలంలో బాణీ రాసిపెట్టాలని ఎవరికి తోస్తుంది? పాడేవారి పరంపర తెగిపోయాక రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, ఆ తర్వాత మరెందరో ఆ మాటలకు కొత్తగా స్వరాలు కూర్చారు. ఈరోజు మనం అన్నమయ్య పాట అని పాడుకునేవాటిలో మాట పదిహేనో శతాబ్దిది, బాణీ చాలామటుకు ఇరవయ్యో శతాబ్దిది. ఇందులో దాచుకోవలసిందేమీ లేదు. అయినా ఎన్నో పుస్తకాల్లో, అంతకన్నా ఎక్కువగా వీడియోల కింద, స్వరకర్త పేరు ఉండదు. వినేవారు ఆ బాణీ కూడా అయిదు వందల ఏళ్లుగా వస్తున్నదే అనుకుంటారు.

ఇక 1904లో ఎట్టయపురంలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని చూడండి. తమిళదేశంలో అచ్చయినా అది తెలుగు లిపిలో వెలువడిన గ్రంథం. రాగలక్షణం చెప్పి, స్వరాలిచ్చి, ఏ స్వరాన్ని ఎలా కదిలించాలో తెలిపే గమకాల గుర్తులను వాటి నెత్తిన వేయించి, ఆ గుర్తుల వివరణ కూడా అచ్చొత్తించారు. వాగ్గేయకారుల చరిత్రలు చేర్చారు. సీసపు అక్షరాలు చేత్తో పేర్చే రోజుల్లో ఆ చిన్న చిన్న గుర్తులను స్వరం మీద సరిగ్గా కూర్చోబెట్టడానికి ఆ అచ్చుకూటంవారు ఎంత అవస్థ పడి ఉంటారో ఒక్క పుట చూస్తే తెలుస్తుంది. ముత్తుస్వామి దీక్షితుల కృతుల విషయంలో వాదం వచ్చిన ప్రతిసారీ విద్వాంసులు ఈనాటికీ ఆ పుటల దగ్గరికే పోతారు. అంత పని మీనుంచి ఎవరూ ఆశించడం లేదు. స్వరలిపి రాయగలవారు దొరకకపోతే పాడినప్పుడు చేసిన రికార్డింగును పుస్తకంతో జతచేయండి, పుట మూలన ఒక క్యూఆర్ కోడ్ వేస్తే అయిపోయే పని. కనీసం ఏ తాళమో, ఏ నడకో, ఎలాంటి పని చేస్తూ పాడేదో రాయండి. రోకటి పోటుకు పాడేదీ ఉయ్యాల ఊపుకు పాడేదీ కాగితం మీద ఒకే తీరుగా కనిపిస్తున్నాయంటే తప్పు పాటది కాదు.

రికార్డు చేసినది చేసినట్టే ఇస్తే మామూలు పాఠకులు చదవరు, విన్నా ఆనందించలేరు అని ప్రచురణకర్తలు అంటారు. అందులో నిజముంది. హంగేరీ సంగీతకర్తలు బేలా బార్టోక్, జోల్తాన్ కొదాయ్ 1906లో హంగేరీ జానపద గీతాలు ఇరవై పియానో సహకారంతో ప్రచురించినప్పుడు ముందుమాటలో ఈ విషయాన్నే తేటగా విడదీశారు. దొరికిన ప్రతి పాటనూ నిఘంటువులా కూర్చడం ఒక పని, జనం ఇష్టపడి పాడుకునేలా కొన్నిటిని ఏరి అలంకరించి ఇవ్వడం వేరే పని, రెండూ కావలసినవే. తాము ఆ పుస్తకంలో చేస్తున్నది రెండోదని వారు దాచలేదు. చిక్కంతా రెండో పని చేసి మొదటి పని చేశామని చెప్పుకునేటప్పుడే వస్తుంది. మీరు వయొలిన్లు పెట్టండి, చరణాలు తగ్గించండి, పెళ్లిలో పిల్లలు గంతులేసేలా వేగం పెంచండి. వినేవాణ్ని నాకూ అది సరదాయే. కాని దాని మీద “అసలు సిసలు జానపదం” అని ముద్ర వేయకండి.

పాడినవారి పేరు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. పాత సంకలనాలు కొన్నిటిలో పాట ఏ కులంవారు పాడేదో ఉంటుంది, ఏ జిల్లాలో దొరికిందో ఉంటుంది, పాడిన మనిషి పేరు మాత్రం ఉండదు. సేకరించినవారి పేరు అట్ట మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. నలభై పాటలు కంఠతా వచ్చిన ఒక మనిషి, ఆ పాటల్లో ఏది ఉంచాలో ఏది వదలాలో బతుకంతా ఎంచుకుంటూ వచ్చిన మనిషి, ఎందరో స్త్రీలలో ఒక స్త్రీగా మిగిలిపోతుంది. పెర్సీ గ్రేంజర్ అనే సంగీతకర్త 1906లో ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఫోనోగ్రాఫుతో పాటలు రికార్డు చేసి, 1908లో ప్రచురించినప్పుడు ఒక్కో గాయకుడు చరణం చరణానికీ బాణీని ఎలా మారుస్తాడో విడివిడిగా రాశాడు, వారి స్వభావాలనూ పాడే తీరునూ వర్ణించాడు, పేర్లు చెప్పాడు. అందుకే జోసెఫ్ టేలర్ అనే ముసలాయనను ఈరోజు కూడా ఒక కళాకారుడిగా గుర్తుపెట్టుకుంటున్నారు. ఇది మర్యాదకు మాత్రమే సంబంధించినది కాదు. మన కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, పాడినవారిని పాడినవారుగా గుర్తించమని కోరే హక్కు వారికి ఉంది. వేదిక మీద పాడినవారికే ఆ హక్కు, అరుగు మీద పాడినవారికి లేదు అని చట్టం అనలేదు.

పేరు వద్దనేవారూ ఉంటారు. సరసమైన పాటలు, శాపనార్థాల పాటలు, ఇంటి పెద్దలను ఎగతాళి చేసే పాటలు పాడినవారు మా పేరు రాయొద్దు బాబూ అంటే రాయకూడదు. అడిగి, వారి మాట ప్రకారం నడుచుకొని, పేరు వద్దన్నారని పుటలో రాస్తే చాలు. బూతు ఉందని చరణం తీసేసినా అదే పద్ధతి, తీసేశామని చెప్పండి, తీసేసినది ఎక్కడో ఒకచోట దాచండి. ఇంగ్లండులో జానపద గీతాలు సేకరించిన సెసిల్ షార్ప్ తన కాలపు మర్యాదకు లొంగి పాఠశాలల కోసం మాటలు మార్చాడు, కాని విన్నది విన్నట్టు రాసుకున్న ప్రతులను కేంబ్రిడ్జిలోని క్లేర్ కళాశాలకు వదిలివెళ్లాడు. అవి ఉండబట్టే ఏం మార్చాడో ఈరోజు తెలుస్తోంది.

ఇప్పుడు పాటలు కట్టే కవులకు ఒక మాట. జనం నోట ఉన్న పల్లవిని తీసుకొని కొత్త చరణాలు కట్టడం మన సంప్రదాయమే, దాన్ని తప్పనడానికి నేను ఎవరిని? అయితే రచన అన్న మాట కింద మీ పేరొక్కటే వేసుకున్నప్పుడు, ఆ పల్లవిని మీకు అప్పగించిన నోళ్లన్నీ ఒక్క గీతతో కొట్టివేసినట్టవుతుంది. పల్లవి జనానిది, చరణాలు నావి అని రాస్తే మీ పేరు తగ్గదు, చరణాలు బాగుంటే ఇంకాస్త పెరుగుతుంది. సినిమా పాటల చుట్టూ రచయితకూ సేకర్తకూ మధ్య తరచూ రేగే తగాదాల్లో సగం, మొదటి రోజే ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే పుట్టేవి కావు. చట్టం కూడా పాటలోని మాటలను ఒక రచనగా, సంగీతాన్ని వేరే రచనగా చూస్తుంది, కాబట్టి పాట అంతటికీ ఒకే పేరు వేయడం ఎలాగూ సరికాదు.

దీనికి తిరగేసిన తప్పు ఒకటుంది, అది పేదవారికి ఎక్కువ నష్టం చేస్తుంది. పేరున్న కవి కట్టిన పాటను జానపదమని రాసేయడం. బండెనక బండి కట్టి అన్న పాటను తెలుగువారిలో చాలామంది ఊళ్లలో పుట్టి పెరిగిన పాటగానే ఎరుగుదురు. మా భూమి సినిమాలో గద్దర్ గొంతు దాన్ని ఇంటింటికీ చేర్చింది. అది తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి కట్టిన పాట. జనం పాట అయిపోవడం ఏ కవికైనా గర్వకారణమే గాని, అందుకు మూల్యంగా పేరు పోగొట్టుకోవాలని ఎక్కడా లేదు. ఆఫ్రికాలో ఇంతకన్నా పెద్ద అన్యాయం జరిగింది. జులూ గాయకుడు సోలమన్ లిండా 1939లో మ్బూబే అన్న పాట రికార్డు చేసి, హక్కులను నామమాత్రపు సొమ్ముకు రికార్డు కంపెనీకి వదులుకున్నాడు. 1950ల మొదట్లో అది అమెరికా చేరినప్పుడు సంప్రదాయ గీతంలా చెలామణీ అయింది, రచయితగా ఒక మారుపేరు పడింది. 1961లో అదే బాణీ ఇంగ్లీషు మాటలతో ప్రపంచమంతా మోగింది. లిండా 1962లో పేదవాడిగానే చనిపోయాడు. ఆయన కూతుళ్లకు న్యాయంగా రావలసినదాని విషయంలో ఒప్పందం కుదిరింది 2006లో, అదీ కోర్టుకు వెళ్లాక. సంప్రదాయం అని రాసేముందు కాస్త వెతికి ఉంటే అతని పేరు రికార్డు చక్రం మీదే దొరికేది. మీకు కర్త ఎవరో తెలియకపోతే తెలియలేదనే రాయండి. తెలియలేదనడం వేరు, కర్త లేడనడం వేరు.

ఇంటర్నెట్టులో పాటలు విడుదల చేసేవారికి కూడా ఇదే వర్తిస్తుంది, అక్కడ ఫలితం మరీ త్వరగా కనిపిస్తుంది. ఒక సంస్థ జనంలో ఉన్న పాటను రికార్డు చేసి దాని మీద హక్కులు నమోదు చేయించుకుంటే, యూట్యూబులో పోలిక పట్టే యంత్రం అదే పాట పాడిన మరొకరి వీడియో మీద కూడా దావా వేయవచ్చు. మీ హక్కు మీ రికార్డింగు మీద, మీ వాద్యసంగీతం మీద, మీరు కట్టిన చరణాల మీద ఉంటుంది. పాత పల్లవి మీదా పాత బాణీ మీదా ఉండదు. నమోదు చేసే ఫారంలో ఆ తేడా గుర్తించండి, పొరపాటు దావా పడితే పాడినవారు మొరపెట్టుకునేదాకా ఆగకుండా వెనక్కి తీసుకోండి.

ఇప్పటికే అచ్చయిపోయిన పుస్తకాల సంగతి కూడా ఆలోచించండి. సేకర్తల ఇళ్లల్లో నోటు పుస్తకాలున్నాయి, క్యాసెట్లున్నాయి. టేపు అంటుకుపోయి, బూజు పట్టి, పాడించే యంత్రమే దొరకని స్థితి వచ్చేస్తోంది. మీ పుస్తకం తర్వాతి ముద్రణకు వెళ్లేలోగా వాటిని డిజిటల్ ప్రతులుగా మార్పించండి, ఒక ప్రతి అందరికీ అందుబాటులో ఉండే గ్రంథాలయానికి ఇవ్వండి, ఇంకొక ప్రతి ఆ పాట పాడినవారి కుటుంబానికి చేర్చండి. ముద్రణలో ప్రతి పాట కింద మూడు విషయాలు చేర్చండి: పాడినవారెవరు, ఎప్పుడు ఎక్కడ విన్నారు, మీరు మార్చినదేమిటి. మొదటి ముద్రణలో చెప్పకుండా చేసిన సవరణలుంటే చివర ఒక పట్టికగా ఇవ్వండి, ఎవరూ మిమ్మల్ని నిందించరు. పాత నోటు పుస్తకంలో రాసుకున్నది గుర్తుపట్టలేకపోతే ఆ పాట పక్కన ఆ మాటే రాసి ఉంచండి, వెతికేవారు ఎక్కడినుంచి మొదలుపెట్టాలో అదే చెబుతుంది.

భవదీయుడు,
పాటల పుస్తకాల పాఠకుడు